అన్నం తిన్నాక ఇచ్చిన సమన్లు

కిందటి నెల ఒక మధ్యాహ్నం మా ఫ్లాటు గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి, "సువార్త గారిల్లు ఇదేనాండీ?" అని అడిగింది. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు దిగి నడిచొచ్చినట్టుంది, మొహమంతా చెమట. లోపలికి రమ్మని ఫ్యాను కింద కూర్చోబెట్టాను. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తూ, "గుర్తుపట్టలేదు కదూ" అంది. లేదండీ అన్నాను. "నేను విజయనండి. మీరు మా అమ్మకి సమన్లు ఇవ్వడానికి మా ఊరొచ్చిన రోజు, రోడ్డు మీద బస్టాపులో నిలబడ్డాను చూడండి, ఆ మనిషిని." నేను కోర్టు ఉద్యోగం నుంచి రిటైరై కొన్నేళ్ళయింది. ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఎన్ని గుమ్మాలెక్కానో నాకే లెక్క తెలియదు. కానీ ఆ గుమ్మం మాత్రం మరిచిపోలేదు. "ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి. అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు నాకు" అంది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆవిడకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. కాకపోతే ఆవిడకి అక్కర్లేని మా ఇంటి సంగతులు కూడా కొన్ని కలుస్తాయి. అవి లేకపోతే నేను ఆ పని ఎందుకలా చేశానో అర్థం కాదు.

మా నాన్న యేసుపాదం కోర్టులో ప్రాసెస్ సర్వరు. ఎవరైనా దావా వేస్తే, అవతలివాళ్ళకి ఫలానా రోజున కోర్టుకు రావలసిందని వెళ్ళే కాగితాన్ని సమన్లంటారు. వాటిని ఊరూరా తిప్పి, మనిషిని పట్టుకుని, చేతికిచ్చి సంతకం తీసుకురావడం ఆయన పని. జనం ఆయన్ని కోర్టు బంట్రోతు అనేవారు. పొద్దున్నే కృష్ణలంకలో మా పెంకుటింట్లో ప్రార్థన అయ్యాక అమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసేది. ఖాకీ చొక్కా మీద నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించగానే లేచే ఆ వేడివాసనే నా చిన్నతనపు పొద్దుటి వాసన. నాన్న రెక్సిను సంచీ సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని, గొడుగు వెనక క్యారియరుకి బిగించి వెళ్ళిపోయేవాడు. సాయంత్రం వచ్చాక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. సరాసరి పెరట్లోకి వెళ్ళి కుండ దగ్గర గొంతుక్కూర్చుని చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవాడు. గుటక గుటకకీ గొంతు మీద ముడి పైకీ కిందకీ ఆడుతుంటే మేం పిల్లలం నవ్వేవాళ్ళం. ఆయన పగలంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదని నాకు తర్వాత తెలిసింది. ఎండన పడి వచ్చాడు కదా అని జనం మజ్జిగో నీళ్ళో ఇవ్వబోయినా పుచ్చుకునేవాడు కాదు. ఎందుకు నాన్నా అని ఒకసారి అడిగితే, "నీళ్ళు తాగితే ఆ ఇంటి మనిషినైపోతానమ్మా. ఆ ఇంటి మనిషినై వాళ్ళకి కాగితం ఎట్టా ఇస్తాను?" అన్నాడు.

ఆయనకి ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఒక పక్షం వాళ్ళ మాట రెండో పక్షానికి చెప్పకూడదు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఎవరో అన్నదమ్ముల మధ్య ఒక మాట చేరవేశాడట. మంచి చెయ్యబోయే చేరవేశాడు. ఆ మాట పట్టుకుని వాళ్ళు కర్రలు తీసుకున్నారు. అప్పటినుంచి, "మనం కాగితాలు మోస్తాం గానీ మాటలు మొయ్యం" అని మా అన్నం కంచాల దగ్గర కూడా అనేవాడు. ఎవరింటికి వెళ్ళిందీ, ఎవరేమన్నదీ ఇంట్లో ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. అమ్మ కరుణమ్మకి ఇదంతా మింగుడు పడేది కాదు. ఆవిడకి మాట అంటే పక్కింటికి చేర్చాల్సిందే. "మీ నాన్న కడుపులో ఎన్ని ఊళ్ళ ఏడుపులున్నాయో" అనేది కంచాలు తీస్తూ.

ఒక ఎండాకాలం నాన్న కాలువగట్టు మీద సైకిలు దిగి, సంచీ తల కింద పెట్టుకుని పడుకుని, మళ్ళీ లేవలేదు. దినాలు కాకముందే అమ్మ ఆ సంచీ తడిగుడ్డతో తుడిచి నా చేతికిచ్చి, "కోర్టులో ఇచ్చిరా. ఇందులో ఎవరి కాగితాలున్నాయో, ఆలస్యమైతే వాళ్ళ గతేంటో" అంది. అలా మొదటిసారి కోర్టు మెట్లెక్కాను. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను అప్పుడు. తమ్ముడింకా స్కూల్లో ఉన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి నాన్న ఉద్యోగమే నాకిచ్చారు. కారుణ్య నియామకం అంటారు దాన్ని. గుమాస్తా పోస్టు ఖాళీ లేదు, ఉన్నది ఇదే, ఇష్టమైతే చేరమన్నారు. మా కోర్టులో అంతకుముందు సమన్లు పట్టుకెళ్ళిన ఆడమనిషి లేదు.

మా సెక్షనుకి పెద్దని నాజరు గారనేవాళ్ళం. ఏ కాగితం ఎవరు పట్టుకెళ్ళాలో పంచేది ఆయనే. వక్క నములుతూ, ఎవరినీ కసురుకోకుండా పని చేయించుకునే మనిషి. "సువార్త అని పెట్టారు నీకు పేరు. ఇక్కడ నీ చేతికిచ్చేవి మాత్రం అన్నీ దుర్వార్తలేనమ్మా" అని మొదటి రోజే నవ్వాడు. మొదట్లో ఊళ్ళోవే ఇచ్చేవాడు, గవర్నర్‌పేట షాపులవీ, లాడ్జీలవీ. రాన్రాను ఆయన ఒక సంగతి గమనించాడు. మగవాళ్ళు వెళితే ఇంట్లో లేరనీ, తీర్థయాత్రకెళ్ళారనీ చెప్పి తలుపేసుకునే ఇళ్ళు నేను వెళితే తెరుచుకుంటున్నాయి. "మావాళ్ళెళ్తే కుక్కల్ని వదుల్తున్నారు. నువ్వెళ్తే కుర్చీ వేస్తున్నారు" అని, ఎవరూ ఇవ్వలేక వాపసు తెచ్చినవన్నీ నా సంచీలో వెయ్యడం మొదలుపెట్టాడు. నన్ను జనాభా లెక్కల అమ్మాయనుకునేవారు కొందరు. పోలియో చుక్కల నర్సనుకునేవారు కొందరు. పిల్లకి సంబంధం తెచ్చాననుకుని కాఫీ కలపడానికి లేచిన తల్లి కూడా ఉంది. నేను అబద్ధం ఆడేదాన్ని కాదు. పేరు అడిగి, మనిషి ఎదురుగా వచ్చేదాకా ఊరుకునేదాన్ని. ఆ ఊరుకోవడం ఎంతసేపో, ఎక్కడ తల దించుకోవాలో, ఎక్కడ చిన్నగా నవ్వాలో నాకు తెలియకుండానే ఒంటబట్టింది. కాగితం చూశాక వాళ్ళ మొహాలు మారడం చూసి మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. తర్వాత ఏడుపు పోయింది. పోయిందని తెలిసిన రోజున ఇంకా బెంగగా ఉండింది.

అలాంటి వాపసు కాగితాల్లో ఒకటి కోటేశ్వరమ్మ గారిది. బందరు రోడ్డు మీద నుంచి కొంచెం లోపలికి పోవాలి ఆ ఊరు. ఆడపిల్లలకీ ఆస్తిలో వాటా ఉందని చట్టం వచ్చిన కొత్త. తండ్రి పోయాక తన వాటా తనకు పంచమని కూతురు దావా వేసింది, తమ్ముడి మీదా తల్లి మీదా. తమ్ముడికి సమన్లు ముట్టాయి గానీ తల్లికి ముట్టలేదు. మా ఆఫీసతను వెళ్ళినప్పుడల్లా ఆ కొడుకే గేటు దగ్గర అడ్డంపడి, అమ్మ ఊళ్ళో లేదని పంపేస్తున్నాడు. "కొడుకు మిల్లుకెళ్ళే వేళ చూసుకుని వెళ్ళు. ఇల్లు చూపించడానికి దావా వేసినావిడే వస్తుంది. ఆవిడ నీతో వచ్చినట్టు మాత్రం లోపల అనకు. గొడవలైపోతాయి" అని నాజరు గారు చెప్పి పంపాడు.

బస్సులో విజయ గారు నా పక్కనే కూర్చుంది. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక స్కూల్లో టీచరు. తనతో పనిచేసే రత్నం అనే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయన మావాళ్ళే, క్రైస్తవులు. ఆ పెళ్ళితో తండ్రి ఆవిడని గడప తొక్కవద్దన్నాడు. ఆయన పోయినప్పుడు కబురు కూడా చెయ్యలేదు. "ఉత్తరాలు రాసి రాసి విసుగొచ్చిందండీ. అమ్మ చేతికి వెళ్తున్నాయో, తమ్ముడే చింపేస్తున్నాడో తెలీదు. పొలం కోసమని అందరూ అనుకుంటున్నారు. అనుకోనీండి. నేనూ ఆ ఇంటి పిల్లనేనని ఎవరో ఒకరు చెప్పాలి కదా, తమ్ముడు చెప్పడు, జడ్జిగారన్నా చెప్తారని" అంది. పిల్లల గురించి అడిగాను. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి రికార్డుల్లో ఏదో పేరుంది గానీ ఇంట్లో కోటి అని పిలుస్తారట. "మా అమ్మ పేరండి" అని కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చుంది. దిగాక రోడ్డు మీద నుంచే వేలు చూపించింది. మిల్లు రేకుల షెడ్డు, దాని పక్క సందులో పచ్చగేటు. "నేనిక్కడే ఉంటాను" అని బస్టాపు పంచన నీడలోకి జరిగి, కొంగు తలమీదుగా కప్పుకుంది.

పచ్చగేటు లోపల వాకిట్లో ఒక ముసలావిడ చాటలో మినుములు బాగు చేస్తోంది. బొట్టులేని మొహం, చేతులకి గాజులు లేవు. నేనూ బొట్టు పెట్టుకోను, గాజులు వేసుకోను. నన్ను ఆపాదమస్తకం చూసి, "ఎవరమ్మా?" అంది. "కోటేశ్వరమ్మ గారంటే మీరేనాండీ? విజయ గారి విషయమై వచ్చానండి" అన్నాను. నేను అన్నది అంతే. ఆవిడ చేతిలో చాట కింద పెట్టడం కూడా మరిచిపోయి లేచింది. మినుములు గచ్చు మీద జల్లుమని పడ్డాయి. "విజయ ఆడపడుచువి కదూ? మా అల్లుడి చెల్లెలివి కదూ? చూడగానే అనుకున్నాను" అని నా మణికట్టు పట్టుకుని, నేను నోరు తెరిచేలోగా లోపలికి నడిపించుకుపోయింది. హాలు దాటాం, దేవుడి గది ముందు నుంచి దాటాం, వంటింట్లోకి వెళ్ళాం. పీట వాల్చి కూర్చోమంది. "అమ్మా, నేను..." అన్నాను. "ముందు అన్నం తిను. ఎప్పుడనగా బయల్దేరావో ఏమో. తిన్నాక చెబుదువు గాని, తొందరేముంది" అంది.

ఇక్కడ నిజం చెప్పాలి. నేను నోరు మెదపకపోవడానికి నాజరు గారి మాట కారణం కాదు, కొడుకు వస్తాడన్న భయమూ కాదు. అలాంటి ఇళ్ళలో నేను అంతకుముందు చాలాసార్లు నీళ్ళడిగాను. వాకిట్లో నిలబడితే పైనుంచి దోసిట్లో పోసేవారు. మా అమ్మమ్మ ఇలాంటి వాళ్ళ పొలాల్లోనే నాట్లు వేసి, వాళ్ళ పశువుల కొట్టం పక్కన కూర్చుని ఆకులో తినేది. నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, స్టీలు కంచం కడిగి నా ముందు పెడుతున్న మనిషిని చూస్తుంటే లేవబుద్ధి కాలేదు. ఆ పీట మీద కాసేపు ఉండాలనిపించింది. దోసకాయ పప్పు, వంకాయ కూర, మజ్జిగ మిరపకాయలు అప్పటికప్పుడు వేయించి వేసింది. నెయ్యి వద్దంటున్నా వేసింది. పక్కనే గోడకి ఆనుకుని కూర్చుని కూతురి గురించి ఒకటే ప్రశ్నలు. ఒళ్ళు చేసిందా, జుట్టు ఇంకా అట్టాగే ఊడుతోందా, పొద్దున్నే తలనొప్పి అనేది, తగ్గిందా. బస్సులో చూసింది చూసినట్టు చెప్పాను. అబద్ధమేమీ లేదు. "పిల్లలెంతమందమ్మా?" అంటే ఇద్దరన్నాను. పేర్లేమిటని అడిగింది. "చిన్నపాప పేరు తెలీదండీ. పెద్దపాపని ఇంట్లో కోటి అని పిలుస్తారండి" అన్నాను. ఆవిడ లేచి పెరటి గుమ్మంలోకి వెళ్ళింది. బకెట్లో నీళ్ళ చప్పుడు వినపడింది. మొహం కడుక్కుని వచ్చి నా కంచంలో గడ్డపెరుగు వేసింది. "మీ అన్నయ్యని తీసుకుని ఒకసారి రమ్మనమ్మా. వాడు, మా అబ్బాయి, మొదట్లో ఎగురుతాడు. నేను చెప్పుకుంటాలే. ఆయన ఉన్నన్నాళ్ళు నా మాట సాగలేదు. ఇప్పుడు నాకెవరి భయం?" అంది.

పెరుగన్నం సగంలోనే వదిలేసి లేచాను. చెయ్యి కడుక్కుని వచ్చి సంచీ విప్పాను. "అమ్మగారూ, నేను కోర్టు నుంచి వచ్చానండి. విజయ గారు వేసిన దావాలో మీకు సమన్లు. ఇక్కడ సంతకం పెట్టాలి" అన్నాను. ఆవిడ కాగితం వంక చూడలేదు, నా మొహం వంకే చూసింది. "మరి ఆడపడుచునన్నావే?" అంది. "నేను అనలేదండి." ఆవిడ తనలో తనే అనుకుంటున్నట్టు, "అవును, నువ్వనలేదు. నేనే అనుకున్నాను" అంది. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం మీద నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. "మా విజయ ఎక్కడుందమ్మా ఇప్పుడు?" అని అడిగింది. ఊరికే అడిగిన మాటే అయ్యుండొచ్చు. కూతురు ఆ సందు చివర రోడ్డు మీద ఉంది. నాన్న మాట గుర్తొచ్చింది, నాజరు గారి మాట గుర్తొచ్చింది. "నాకు తెలీదండీ" అన్నాను. తిన్న కంచం తీసి కడుగుదామని వంగాను. మాలాంటివాళ్ళం అలాంటి ఇళ్ళలో తింటే కంచం మేమే కడగాలని అమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఆవిడ నా చేతిలోంచి కంచం లాక్కుంది. "పెట్టింది నేను. తీసేదీ నేనే. నువ్వెళ్ళు" అంది.

బస్టాపు దగ్గరికి వచ్చేసరికి విజయ గారు ఎదురొచ్చింది. "అమ్మ ఉందా? తీసుకుందా?" తీసుకున్నారన్నాను. "ఏమంది?" "ఏమీ అనలేదండీ." "చాలాసేపైంది కదా మీరు వెళ్ళి?" "సంతకం ఆలస్యమైందండీ" అన్నాను. నా చేతులకి ఇంకా నెయ్యి వాసన వస్తోంది. దారి పొడుగునా చేతులు సంచీ కింద దాచుకుని కూర్చున్నాను. ఆఫీసులో నాజరు గారు సంతకం చూసి, "భేష్" అన్నాడు.

అక్కడితో అయిపోతే నేను మరిచిపోయేదాన్నేమో. వాయిదా రోజున కోటేశ్వరమ్మ గారు కోర్టుకి వచ్చింది. సమన్లలో ఫలానా రోజు హాజరు కావాలని ఉంటుంది గానీ లాయరు వెళితే సరిపోతుంది, మనిషి రానక్కర్లేదు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదో, చెప్పినా విన్లేదో. ఉతికిన నేతచీర కట్టుకుని మొదటి బస్సుకే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. నన్ను చూసి, "అమ్మాయ్, మా విజయ వచ్చిందా?" అంది. కోపం లేదు గొంతులో. కోర్టు వాళ్ళిద్దరినీ పిలిచింది కాబట్టి కూతురు కూడా వస్తుందని ఆవిడ నమ్మకం. విజయ గారు రాలేదు. లాయరు రానక్కర్లేదన్నాడు, స్కూలుకి సెలవు పెట్టడం ఎందుకని మానేసింది. తర్వాతి వాయిదాకీ ఆవిడ వచ్చింది, ఆ తర్వాతి దానికీ వచ్చింది. కోర్టు లేచేదాకా కూర్చుని, వచ్చిన ప్రతి ఆడమనిషి మొహమూ చూసి, బస్సుకి వెళ్ళిపోయేది. నేను ఆ వరండాలోకి రావడం మానేసి రికార్డు గది పక్క సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

ఒకరోజు అమ్మతో చెప్పేశాను. నాన్న ఎన్నడూ చెయ్యని పని. అమ్మ పొయ్యి ముందు కూర్చుని చేపలు తోముతోంది. అంతా విని, "అయితే ఆ పిల్లతో చెప్పలేదా ఇంకా?" అంది. "నాన్న వద్దనేవాడు కదమ్మా" అన్నాను. "మీ నాన్న వద్దన్నది గొడవలు పెరుగుతాయని. ఇది పెరిగే గొడవటే? ఆ తల్లి బెంచీ మీద కాసుకుని కూచుంటే, నీకు ప్రార్థనలో కళ్ళెట్టా మూతబడతన్నాయే?" అంది. మర్నాడు గవర్నర్‌పేటలో విజయ గారి లాయరు ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. "వచ్చే వాయిదాకి విజయ గారిని రమ్మనండి" అన్నాను. "పార్టీ రానక్కర్లేదమ్మా, సాక్ష్యానికి ఇంకా టైముంది." "కేసు కోసం కాదండీ. వాళ్ళమ్మగారు ప్రతి వాయిదాకీ వచ్చి కూర్చుంటున్నారు, ఈవిడ కోసం." ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూసి, "ఈ ముక్క మొదటే చెప్పలేకపోయావా?" అన్నాడు.

విజయ గారు వచ్చింది. పెద్దపాపకి జడలు వేసి, గౌను తొడిగి, వెంట తీసుకొచ్చింది. ఆ బెంచీ మీదే కూర్చున్నారు తల్లీపిల్లా. కోటేశ్వరమ్మ గారు రాలేదు. కొడుకు తరఫు లాయరు ఎవరి ద్వారానో విన్నాడట, ప్రతివాది వరండాలో కూర్చుని వాది గురించి వాకబు చేస్తోందని. కేసు దెబ్బతింటుందని కొడుకుని హెచ్చరించాడట. ఆ వాయిదా నుంచి ఆవిడ ఇంక రాలేదు. సాయంత్రం దాకా చూసి, నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకుంటూ విజయ గారు నా వైపు తిరిగి, "అమ్మ వస్తోందని చెప్పింది మీరేనటగా" అంది. అవునండీ అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆ పిల్ల చెప్పు ఒకటి కిందపడితే తీసి ఇచ్చాను. ఒక్క వాయిదా ముందు చెప్పి ఉంటే ఆ ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఆ లెక్క నా మనసులో ఎన్నిసార్లు తిరిగిందో చెప్పలేను. దావా చివరికి రాజీ అయింది. పొలంలో విజయ గారి భాగం ఆవిడకి వచ్చింది. ఆ మాట జడ్జిగారే చెప్పారు, కాగితం మీద.

నేను రిటైరయ్యే ముందు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడొకడు ఈ మధ్య పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. ఇప్పుడు చాలావరకు రిజిస్టర్డు పోస్టులోనే వెళ్తున్నాయనీ, కొన్నిటిని ఫోనుకే వాట్సాప్‌లో పంపిస్తున్నారనీ, రెండు నీలం గీతలు పడితే చూసినట్టేననీ చెప్పాడు. "మీ రోజుల్లో ఎంత కష్టపడ్డారో మేడమ్" అన్నాడు. నిజమే, ఎండలు లేవు, కుక్కలు లేవు. ఫోను ఎవరి వంటింట్లోనూ కూర్చోదు, ఎవరిని చూసీ ఎవరూ పొరబడరు. అదే మంచిదని ఒకోసారి అనిపిస్తుంది. మరి ఆ ముసలావిడ మనవరాలి పేరు ఎలా వినేది, అని ఒకోసారి అనిపిస్తుంది. ఈ రెండో ఆలోచన నన్ను నేను ఓదార్చుకోవడానికి చేసేదని కూడా నాకు తెలుసు.

ఇదంతా చెప్పడం పూర్తయ్యేసరికి విజయ గారి గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. తల్లి పోయినప్పుడు వెళ్ళిందట. వాకిట్లో జనంలో నిలబడిందట. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. "వంటింట్లో కూర్చోబెట్టిందా మిమ్మల్ని?" అని రెండుసార్లు అడిగింది. అవునండీ, పీట మీద, అన్నాను. "మా ఆయనకి అక్కచెల్లెళ్ళెవరూ లేరండీ. ఒక్కడే కొడుకు. అమ్మకి ఆ సంగతి కూడా తెలీదు" అంది. తర్వాత ఆవిడ సంచీ సర్దుకుంటూ, తలెత్తకుండా అడిగింది. "మీరు మీ డ్యూటీ చేశారు. నేను దానికి రాలేదు. ఒక్కటే చెప్పండి. నేను రోడ్డు మీదే ఉన్నానని ఆ రోజు మీరు అని ఉంటే, అమ్మ వచ్చేదంటారా?"

ఏమోనండీ అనొచ్చు. ఎవరికి తెలుస్తుందండీ అనొచ్చు. ఆవిడకీ నాకూ ఇద్దరికీ తేలికయ్యేది. ఇంత దూరం వచ్చి అడిగిన మనిషికి ఇంకొకసారి తెలీదని చెప్పడానికి నోరు రాలేదు. "వచ్చేవారండీ. చెప్పులు కూడా వేసుకునేవారు కాదు" అన్నాను.

ఆవిడ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. లేచి బయల్దేరింది. మా బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యడం లేదు. మోకాళ్ళ నొప్పులట, మెట్లు దిగడానికి నా చెయ్యి పట్టుకుంది. కిందికి వచ్చి, గేటు దాటి, ఆటో మాట్లాడి ఎక్కేదాకా వదల్లేదు. అది క్షమించిన చెయ్యి అని నేను అనుకోవడం లేదు. మెట్లు దిగడానికి ఆవిడకి ఒక ఆసరా కావాలి, అక్కడ ఉన్నది నేను.